తెల్లదొరల పూచీకత్తు

1773వ సంవత్సరమున లండను నగరమందు అచ్చుపడిన ఒక చిన్న కవితాసంపుటిలో, కవితల కంటె ముందు, బోస్టను పట్టణ ప్రముఖులు పదునెనిమిదిమంది పేర్లతో కూడిన ధ్రువపత్రమొకటి కనబడును. ఈ పద్యములు ఫిలిస్ వీట్లీ యను బానిస యువతి రచించినవే యని తాము నమ్ముచున్నామని ఆ పెద్దలు లోకమునకు హామీ యిచ్చిరి. వారిలో మాసచూసెట్స్ గవర్నరు థామస్ హచిన్సన్ కలడు. మూడేండ్ల పిమ్మట స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేయనున్న జాన్ హాంకాక్ కలడు. ఆమెను కొనుక్కొన్న యజమాని జాన్ వీట్లీయు కలడు. 1761లో, పాలపండ్లు ఊడుచున్న వయసున, పశ్చిమ ఆఫ్రికానుండి బానిసల ఓడపై కొనిరాబడి, ఆ ఓడ పేరే తన పేరుగా పొందిన పసిపిల్ల, పట్టుమని పండ్రెండేండ్లు తిరుగకమునుపే ఆంగ్లమున ఛందోబద్ధముగా కవిత్వము చెప్పినదనిన నమ్మువారు లేకపోయిరి.

ఆ పెద్దలు ఆమెను ఎదుట నిలిపి పరీక్షించిరను కథయు ప్రచారములో నున్నది. అట్టి సభ జరిగినదనుటకు ఆధారము లేదని ఇటీవలి పరిశోధకులు కొందరు శంకించుచున్నారు. జరిగినను జరుగకున్నను పత్రము మాత్రము గ్రంథములోనే యున్నది. ఇన్ని పేర్లు ముందు నిలిచియు ఆమెకు ఒరిగినదేమి? మానవుల సమానత్వమును లోకమునకు చాటిన థామస్ జెఫర్సన్, వర్జీనియాను గూర్చి తాను వ్రాసిన గ్రంథములో, ఆమె రచనలు విమర్శింపబడుటకైనను తగనివని త్రోసివేసెను. 1784లో దారిద్ర్యమున మరణించునాటికి ఆమె రెండవ సంపుటికి ప్రకాశకుడు దొరకలేదు. ఆ వ్రాతప్రతియు పోయినది.

అలెక్స్ హేలీ గ్రంథమును సహవాసి ‘ఏడు తరాలు’ పేర తెనిగించినది మొదలు, సంకెళ్ళును కొరడాయు వేలంపాటయు తెలుగు పాఠకునకు కండ్లకు కట్టినట్లున్నవి. ఆ క్రౌర్యమును ఖండించుటకు గొప్ప వివేకము అక్కరలేదు. నా దృష్టిలో, అంతకంటె దీర్ఘాయువు గలదియు, మర్యాదస్థుల యిండ్లలో సైతము సుఖముగా నివసింపగలదియు నైన వివక్ష మరియొకటి కలదు: తెల్లవాడొకడు పూచీపడిననే గాని నల్లవాని మాట చెల్లకుండుట. బానిసలకు వ్రాత నేర్పుట నేరమని దక్షిణ కరొలైనా 1740లోనే శాసించినది; తెల్లవానిపై నల్లవాని సాక్ష్యము చెల్లదని పెక్కు రాష్ట్రముల చట్టములు పలికినవి. వ్రాత నిషేధించినవారే, ఎట్లో నేర్చుకొన్నవానిని పట్టుకొని, ఇది నీవు వ్రాసినదేనా యని నిలదీయుట ఎంతటి విపరీతము!

1838లో మేరీలాండునుండి తప్పించుకొనివచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో స్వీయచరిత్రను ప్రకటించినప్పుడు, అది తాను స్వయముగా రచించినదని ముఖపత్రముననే చెప్పుకొనవలసివచ్చెను. అదియు చాలక విలియం లాయిడ్ గారిసన్ పీఠికయు, వెండెల్ ఫిలిప్స్ లేఖయు ముందు చేరినవి. వీరిరువురును బానిసత్వమును తెగించి ఎదిరించిన మహనీయులు. వారి చిత్తశుద్ధిని శంకించుట పాపము. అయినను ఆ మిత్రమండలివారే, జరిగిన సంగతులు చెప్పి ఊరకుండుమనియు, తత్త్వవిచారము తమకు విడువుమనియు, మాటలో తోటబానిసల యాస కొంత మిగిలియున్ననే జనులు నమ్ముదురనియు తనకు బోధించిరని డగ్లస్ 1855 నాటి రెండవ స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు. ఆ రెండవ గ్రంథమునకు ఆయన పీఠిక వ్రాయించుకొన్నది జేమ్స్ మెక్యూన్ స్మిత్ చేత. అమెరికా వైద్యకళాశాలలు చేర్చుకొననందున గ్లాస్గో పోయి వైద్యపట్టము పొందివచ్చిన నల్లజాతి వైద్యుడాయన. డగ్లస్ చేసిన సాహసములలో ఇది చిన్నదిగా నాకు తోచదు.

హారియెట్ జేకబ్స్ గతి ఇంకను విచిత్రము. యజమాని కామాంధత్వమును తప్పించుకొనుటకై అమ్మమ్మ యింటి కప్పుక్రింద, నిటారుగా నిలుచుటకైనను వీలులేని యిరుకులో, దాదాపు ఏడేండ్లు దాగిన యామె, స్నేహితురాలు అమీ పోస్ట్ ద్వారా తన కథను ప్రఖ్యాత రచయిత్రి హారియెట్ బీచర్ స్టోకు విన్నవింపగా, స్టో ఆ వృత్తాంతము నిజమేనా యని, న్యూయార్కులో జేకబ్స్ కొలువుచేయుచుండిన యింటి గృహిణికే జాబు వ్రాసి విచారించెను! తన బిడ్డల పుట్టుకను గూర్చి ఆ గృహిణికి ఎన్నడును నోరువిప్పని స్త్రీకి అది యెంతటి అవమానమో చెప్పనక్కరలేదు. పిదప 1861లో మారుపేరుతో, తెల్లజాతి రచయిత్రి లిడియా మరియా చైల్డ్ సంపాదకత్వమున గ్రంథము వెలువడినది. తరువాతి పండితులు పెక్కుమంది అది కల్పితమనియు, చైల్డ్ రచనయే యనియు తలచిరి. జీన్ ఫేగన్ యెల్లిన్ అను విదుషి పాతజాబులు వెదకి జేకబ్స్ కర్తృత్వమును స్థాపించి, 1987లో పరిష్కృత ప్రతిని ప్రకటించునంతవరకు ఆ అపప్రథ తొలగలేదు. పూచీపడవచ్చిన పేరే గ్రంథకర్త్రిని మ్రింగివేసినది.

ఇదంతయు గతించిన కాలపు మాట యని చప్పరించువారు అలబామా రాష్ట్రపు విల్కాక్స్ కౌంటీ చరిత్రను చూడదగును. అక్కడ ఓటరుగా నమోదు కాగోరువాడు, అదివరకే నమోదైన ఓటరు నొకనిని సాక్షిగా తెచ్చుకొనవలెనని నిబంధన యుండెను. నల్లవారే అధికసంఖ్యాకులైన ఆ కౌంటీలో 1965 ఆరంభమునాటికి నమోదైన నల్ల ఓటరు ఒక్కడును లేడు. కావున సాక్షి తెల్లవాడే కావలెను. ఏ తెల్లవాడు వచ్చును? ఆ యేడు ఆగస్టులో వచ్చిన ఓటుహక్కుల చట్టము ఈ సాక్షి పద్ధతిని ప్రత్యేకముగా పేర్కొని నిషేధించినది.

సారస్వతమున పూచీదారు స్థానమును క్రమముగా విక్రేత ఆక్రమించెను. 1945లో నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ స్వీయచరిత్ర ‘బ్లాక్ బాయ్’ను, చందాదారులకు పుస్తకములమ్ము బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్బు స్వీకరించుటకై, చికాగో జీవితమును వర్ణించు ఉత్తరభాగమంతయు తొలగింపవలసివచ్చెను. కథ దక్షిణమును విడిచి ఉత్తరమునకు పోవు ఆశతో ముగిసినది. ఉత్తరమున ఎదురైనదేమో పాఠకులకు ఆ పుస్తకమున తెలియలేదు. విడిచిన భాగము గ్రంథరూపమున వచ్చునప్పటికి 1977. రైట్ పోయి పదునేడేండ్లు. టోనీ మారిసన్ రాండమ్ హౌస్‌లో సంపాదకురాలై గేల్ జోన్స్, టోనీ కేడ్ బంబారా వంటి వారిని వెలికితెచ్చుట, ఏ బిరుదు కంటెను, ఆమె నోబెల్ బహుమతి కంటెను, ముఖ్యమని నేననుకొందును. పుస్తకమునకు అనుమతినిచ్చు బల్లకు ఆవలివైపున ఆమె కూర్చున్నది.

ఆ బల్ల యింకను అందరిదీ కాలేదు. 2021లో అధ్యక్షుని ప్రమాణస్వీకార వేదికపై నల్లజాతి కవయిత్రి అమాండా గోర్మన్ చదివిన కవిత, పుస్తకరూపమున వచ్చిన పిదప, 2023లో ఫ్లోరిడా రాష్ట్రము మయామీ లేక్స్‌లోని ఒక పాఠశాలలో, ఒకే ఒక తల్లి ఫిర్యాదుపై, చిన్నతరగతుల పిల్లల అరనుండి పెద్దతరగతుల అరకు తరలింపబడెను. ఫిర్యాదుపత్రమున గ్రంథకర్త పేరుండవలసిన చోట ఓప్రా విన్‌ఫ్రీ పేరు వ్రాయబడియున్నది. ఆ పుస్తకమునకు ఓప్రా వ్రాసినది ముందుమాట మాత్రమే. అయినను ఆ పత్రము చెల్లినది.