మంచు మీద స్థానబలం



హాకీ అనగానే ఒడిశాలో తరతరాలుగా స్థిరపడిన మా తెలుగువారికి సుందర్‌గఢ్ జిల్లా పల్లెలు, 2018లోను 2023లోను ఈ రాష్ట్రంలో జరిగిన ప్రపంచ కప్పు పోటీలు గుర్తుకు వస్తాయి. నేను ఈ రోజు వ్రాయబోయేది ఆ హాకీని గూర్చి కాదు. అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులు కాళ్ళకు స్కేట్లు కట్టుకొని, మంచు గచ్చు మీద, బంతికి బదులు పక్ అనే నల్లని రబ్బరు బిళ్ళతో ఆడే హాకీని గూర్చి.

మా బడిలో చదువుకొని ఇప్పుడు మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న విద్యార్థి ఒకడు 2024 మార్చి నెలాఖరున ఫోను చేశాడు. "మాస్టారూ, మావాళ్ళు డెన్వర్ జట్టును దాదాపు ఓడించేశారండీ! రెండో అదనపు సమయం దాకా లాక్కెళ్ళారు" అని సంబరంగా చెప్పాడు. "ఆట ఎక్కడ జరిగింది నాయనా?" అని అడిగాను. "ఇక్కడేనండీ, స్ప్రింగ్‌ఫీల్డులో. మా ఊరినుంచి ముప్పావు గంట" అన్నాడు. ఆట కంటె ఆ ముప్పావు గంట నా మనస్సును పట్టుకొన్నది. తరువాత కొన్నాళ్ళు చదివి తెలుసుకొన్నదాని ఫలితమే ఈ వ్యాసం.

విషయం అర్థం కావడానికి నిబంధనలు కొంచెం చెప్పాలి, ఓపిక పట్టండి. ఎన్.సి.ఎ.ఎ. అనే సంస్థ నడిపే పురుషుల మంచు హాకీ జాతీయ పోటీ 1948లో కొలరాడోలో మొదలైంది. 2003 నుండి అందులో 16 జట్లు ఆడుతున్నాయి. వాటిని నాలుగేసి చొప్పున నాలుగు ప్రాంతాలకు పంచుతారు. ఒక్క ఓటమితో ఇంటికి పోవలసిందే. సీజనంతా సాధించిన ఫలితాల లెక్కను బట్టి జట్లకు ఒకటి నుండి పదహారు వరకు స్థానాలు ఇస్తారు. 2024లో వాడినది పెయిర్‌వైజ్ అనే లెక్క. మొదటి నాలుగు జట్లు నాలుగు ప్రాంతాలకు పెద్దలు. ప్రతి పెద్ద జట్టు మొదటి ఆటలో చివరి నాలుగింటిలో ఒకదానితో తలపడుతుంది. ఎక్కువ కష్టపడినవాడికి తేలికైన ప్రత్యర్థి దొరకాలన్నదే సీడింగు అనే మాటకు అర్థం.

ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. చిక్కంతా తరువాతి రెండు నిబంధనల్లో ఉన్నది. మొదటిది: ఒక ప్రాంతపు పోటీకి ఆతిథ్యమిచ్చే విశ్వవిద్యాలయం తానుగా పోటీకి అర్హత పొందితే, దానిని అక్కడే ఆడించాలి. రెండవది: ఒకే కాన్ఫరెన్సుకు చెందిన జట్లు మొదటి రౌండులో ఎదురుపడకుండా చూడాలి. వేదికలను మాత్రం ఏ జట్టు అర్హత పొందుతుందో తెలియక ముందే, ఏండ్ల ముందుగా నిర్ణయిస్తారు.

ఇక 2024లో ఏమి జరిగిందో చూడండి. మొదటి స్థానం బోస్టన్ కాలేజీది, రెండవది బోస్టన్ విశ్వవిద్యాలయానిది, మూడవది డెన్వర్‌ది, నాలుగవది మిషిగన్ స్టేట్‌ది. స్ప్రింగ్‌ఫీల్డు పోటీకి ఆతిథేయి మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం. అది చివరి నాలుగింటిలో ఒకటిగా అర్హత పొందింది, కనుక నిబంధన ప్రకారం స్ప్రింగ్‌ఫీల్డులోనే ఆడాలి. బోస్టన్ జట్లు రెండూ మసాచుసెట్స్‌తో పాటు హాకీ ఈస్ట్ అనే ఒకే కాన్ఫరెన్సులో ఉన్నవి, కనుక వాటిని అక్కడికి పంపరాదు. మిగిలింది డెన్వర్, మిషిగన్ స్టేట్. ఇద్దరిలో ఒకరికి ఈ ప్రయాణం తప్పదు. డెన్వర్‌కు తప్పలేదు. దేశంలో మూడవ స్థానం సంపాదించిన జట్టు దాదాపు 2,700 కిలోమీటర్లు విమానంలో పోయి, నలభై కిలోమీటర్ల దూరం నుండి వచ్చిన జట్టుతో, ఆ జట్టు అభిమానుల నడుమ ఆడవలసి వచ్చింది. అదే సమయంలో స్ప్రింగ్‌ఫీల్డుకు 150 కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న బోస్టన్ విశ్వవిద్యాలయాన్ని 2,000 కిలోమీటర్లకు పైగా అవతల, సౌత్ డకోటాలోని సూ ఫాల్స్‌కు పంపారు. తూర్పువాడు పడమరకు, పడమరవాడు తూర్పుకు.

దీనికి వారు పెట్టుకొన్న పేరు "తటస్థ వేదిక". నీటిలోని మొసలిని గూర్చిన వేమన పద్యాన్ని చిన్న తరగతుల్లోనే పిల్లల చేత కంఠస్థం చేయించే మనకు ఈ తటస్థత ఏపాటిదో వేరే చెప్పనక్కరలేదు. రింకు ఆతిథేయి సొంతది కాకపోవచ్చు, అద్దెది కావచ్చు. కాని తన పరుపు మీద నిద్రించి, తన బస్సులో వచ్చి, తన ఊరివారి కేకలు వింటూ ఆడేవాడికి ఆ వేదిక ఎట్లా తటస్థమవుతుంది? సీజనంతా గెలిచి సంపాదించుకొన్న లాభాన్ని ఒక చేతితో ఇచ్చి, వేదిక పేరిట మరొక చేతితో లాక్కోవడం ఇది. పైగా ఆ లాభం గాలిలో కలిసిపోవడం లేదు. అది నేరుగా పదమూడు మొదలు పదహారు లోపు స్థానంలో ఉన్న జట్టు ఒడిలో పడుతున్నది. ఆ జట్టు దానిని ఆటలో గెలుచుకోలేదు. ఎన్నో ఏండ్ల క్రితం దాని కార్యాలయం నింపిన ఒక దరఖాస్తు వల్ల వచ్చింది.

ఇది కొత్త జబ్బు కాదు. 2006లో మిన్నెసోటా ఒక ప్రాంతానికి మొదటి సీడుగా నిలిచింది. దానికి దొరికిన వేదిక గ్రాండ్ ఫోర్క్స్, అంటే దాని చిరకాల ప్రత్యర్థి నార్త్ డకోటా సొంత రింకు. మిన్నెసోటా మొదటి ఆటలోనే హోలీ క్రాస్ అనే చిన్న కళాశాల చేతిలో అదనపు సమయంలో 4-3 తేడాతో ఓడిపోయింది. హోలీ క్రాస్ ఘనతను నేను తక్కువ చేయడం లేదు. ఆ గెలుపును ఈనాటికీ కథగా చెప్పుకొంటారు. అయితే ఆ ప్రాంతం నుండి ముందుకు పోయింది ఎవరు? తన ఇంట్లో ఆడిన నార్త్ డకోటా. అదే ఏడు మరొక మొదటి సీడు విస్కాన్సిన్ ప్రాంతీయ పోటీని తన రాష్ట్రంలోని గ్రీన్ బేలో, చివరి పోటీలను తన రాష్ట్రంలోనే మిల్వాకీలో ఆడి జాతీయ విజేత అయింది. ఇద్దరూ ఒకే శ్రేణి జట్లు. ఒకరు రాష్ట్రం దాటలేదు, మరొకరు శత్రువు వాకిట్లో ఆడారు. ఈ తేడాను ఏ లెక్కల పద్ధతి నిర్ణయించింది? ఏదీ కాదు, భూగోళ పటం నిర్ణయించింది.

దీనిని సమర్థించేవారు చెప్పే వాదాలు నేను చదివాను. నిజంగా గొప్ప జట్టు ఎక్కడైనా గెలుస్తుంది అంటారు. డెన్వర్ ఆ రాత్రి 2-1తో గెలిచింది, తరువాత కార్నెల్‌ను ఓడించింది, సెయింట్ పాల్‌లో బోస్టన్ కాలేజీని 2-0తో ఓడించి తన పదవ జాతీయ బిరుదును అందుకొన్నది. 2025లో మళ్ళీ న్యూ ఇంగ్లండు దాకా పోయి మాంచెస్టరులో అదే బోస్టన్ కాలేజీని ఇంటికి పంపింది. నిజమే. అయితే పిల్లవాడు జ్వరంతో పరీక్ష వ్రాసి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడైతే, జ్వరం పరీక్షకు మంచిదని ఏ ఉపాధ్యాయుడూ అనడు. రెండు అదనపు సమయాల దాకా సాగిన ఆటలో ఒక్క పక్ అటు పోయి ఉంటే ఈ వాదమే ఉండేది కాదు.

ఆతిథేయి అక్కడ ఆడకపోతే ప్రేక్షకులు రారు, టిక్కెట్లు అమ్ముడుపోవు అన్నది మరొక వాదం. ఇది కొంత నిజాయితీ గల వాదమే. ఖాళీ కుర్చీల ముందు జాతీయ పోటీ ఆడడం ఎవరికీ సంతోషం కాదు. కాని దీనికి మందు వారి ఇంట్లోనే ఉన్నది. మెరుగైన సీడు జట్టు సొంత రింకులోనే ఆట పెడితే మందిరం నిండుతుంది, కష్టానికి ప్రతిఫలమూ దక్కుతుంది. 1980ల చివర కొన్నేళ్ళు మొదటి రౌండు ఆటలు కళాశాలల సొంత రింకుల్లోనే జరిగేవి కూడా. తరువాత ఆ పద్ధతిని వదులుకొన్నారు.

ఇక్కడ మహిళల పోటీని గూర్చి చెప్పకపోతే నా వాదం కుంటుతుంది. 2022 నుండి అందులో 11 జట్లు ఆడుతున్నాయి. అంతకు ముందు ఎనిమిదే. మొదటి నాలుగు సీడ్లకు క్వార్టరు ఫైనలు ఆట సొంత రింకులోనే. అంటే పురుషులకు అక్కరలేదనుకొన్న న్యాయాన్ని మహిళల పోటీలో అమలు చేస్తూనే ఉన్నారు! కాని అక్కడ మరొక అన్యాయం. విమాన ఖర్చు తగ్గించాలన్న నియమం మహిళల జతలను నిర్ణయించడంలో ఏండ్ల తరబడి పెద్ద పాత్ర వహించింది. బస్సులో పోగలిగిన దూరంలో ఎవరున్నారో చూసి జత కట్టేవారు. అందుచేత మధ్య పశ్చిమంలోని బలమైన జట్లు, సీజనంతా పలుమార్లు ఆడుకొన్నవారే, జాతీయ పోటీలో మళ్ళీ ఒకరి మెడ మీద ఒకరు పడుతుండేవారు. 2022లో మిన్నెసోటా, సుమారు 240 కిలోమీటర్ల దూరంలోని మిన్నెసోటా డులూత్ క్వార్టరు ఫైనలులో తలపడ్డాయి. డులూత్ 2-1తో గెలిచి చివరి ఆట దాకా పోయింది. పురుషుల జట్టును 2,700 కిలోమీటర్లు ఎగిరించడానికి డబ్బున్న సంస్థ, ఆడపిల్లల విషయం వచ్చేసరికి బస్సు చార్జీలు లెక్కపెట్టింది. 2021లో బాస్కెట్‌బాల్ పోటీలలో మహిళలకు ఇచ్చిన వ్యాయామశాల చిత్రాలు దేశమంతా చూసి నవ్విన తరువాత గాని స్త్రీపురుష వ్యత్యాసంపై స్వతంత్ర పరిశీలన జరిపించలేదు.

మంచు హాకీతో మనకేమి పని అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. కొన్నేళ్ళ క్రితం మా బడి పిల్లలు నలుగురిని ఒక తెలుగు వక్తృత్వ పోటీకి తీసుకొని వెళ్ళాను. రాత్రంతా రైలులో రిజర్వేషను లేని పెట్టెలో కూర్చొని, తెల్లవారి స్టేషనులోనే ముఖాలు కడుక్కొని పోటీకి చేరాము. ఆతిథ్యమిచ్చిన బడి పిల్లలు ఇంట్లో ఇడ్లీలు తిని, ఇస్త్రీ బట్టలతో వచ్చారు. మా అమ్మాయి ఒకతె మూడవ నిమిషంలో గొంతు పోయి కూర్చున్నది. న్యాయనిర్ణేతలు ఎంతో నిష్పక్షపాతులు. ఒక్క మార్కు కూడా అన్యాయంగా వేయలేదు. తిరుగు ప్రయాణంలో ఆ అమ్మాయి "మనం ఒకరోజు ముందే వచ్చి ఉంటే బాగుండేది కదండీ" అన్నది. ముందురోజు రావడానికి బసకు డబ్బు ఎవరిస్తారో నేను ఆమెకు చెప్పలేదు.

కనుక నేను కోరేది పెద్ద సంస్కరణ కూడా కాదు. మొదటి రౌండు ఆటలను మెరుగైన సీడు రింకులకు తిప్పడం ఉత్తమం. అది ఇప్పట్లో కుదరదంటే, ఆతిథేయి మొదటి సీడు అయినప్పుడే తన వేదికలో ఆడాలి, లేకుంటే మిగిలిన పదిహేను జట్లలాగే పెట్టె సర్దుకోవాలి అని ఆ నిబంధనలో ఒక్క వాక్యం మార్చితే చాలు. 2024లో ఆ వాక్యం ఉండి ఉంటే మసాచుసెట్స్ జట్టు విమానం ఎక్కేది, మా శిష్యుడు ఆ ఆటను టీవీలో చూసేవాడు. ఈ మాట అతనికి ఫోనులో చెప్పాను. కొంచెంసేపు మౌనంగా ఉండి, "అయితే మేము ఓడిపోయేవాళ్ళమండీ, రెండో అదనపు సమయం కూడా వచ్చేది కాదు" అన్నాడు.