చూసేవాళ్లంతా ఖరీదార్లు కారు



మా ఖాలా దగ్గర ఓ బిద్రీ పాన్‌దాన్ ఉండేది. 1968లో ఆమె నికాహ్‌కి జహేజ్‌లో వచ్చింది. నల్లటి లోహం మీద వెండి తీగల పూలు, లోపల సున్నానికీ కాచుకీ వక్కకీ వేర్వేరు డబ్బీలు. ఖాలూ ఇంతెకాల్ తర్వాత ఆమె పాన్ మానేసింది. పాన్‌దాన్ అల్మారీ ఎక్కింది. పోయినేడాది మనవరాలికి నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చినప్పుడు మళ్లీ కిందికి దిగింది. ఫీజుకి నలభై వేలు తక్కువ పడ్డాయి. చౌక్‌లో పాత సామాను కొనే దుకాన్‌దార్ చూసి ముప్ఫై ఎనిమిది వేలిస్తానన్నాడు.

ఇవ్వొద్దని చెప్పింది నేనే.

"ఖాలాజాన్, బీదర్ పనితనం కదర్ ఇక్కడెవరికి తెలుసు? అమెరికాలో, లండన్‌లో శౌకీన్లున్నారు. ఆన్‌లైన్ నీలామ్‌లో పెడదాం" అన్నాను. అఖ్బార్‌లో పనిచేసేవాణ్ణి కదా, నా మాట మీద ఆమెకి ఐతబార్. వందేళ్లు దాటిన పురావస్తువైతే 1972 నాటి చట్టం ప్రకారం మనలాంటివాళ్లు దేశం దాటించకూడదు. ఇది అంత పాతది కాదు కాబట్టి ఆ భయం లేదు. మా పెద్దోడు ఫొటోలు తీసి ఓ వేలం సైట్లో పెట్టాడు. మొదటి బోలీ మన లెక్కలో నలభై ఐదు వేలు. గడువు పది రోజులు.

దాంతోపాటు వాడు ఇంకోటి కూడా తగిలించాడు. మన వస్తువుని రోజూ ఎంతమంది చూస్తున్నారు, ఎంతమంది 'వాచ్' పెట్టుకున్నారు, దిల్‌చస్పీ పెరుగుతోందా తగ్గుతోందా అని గీతలు గీసి చూపించే పరికరం. వేలం సైటువాళ్లది కాదు, బయటి కంపెనీవాళ్లది.

ఇక మా ఇంట్లో ఆ పది రోజులూ ఆ గీతే ముచ్చట. మూడో రోజుకి రెండొందల చూపులు. ఆరో రోజుకి నాలుగొందలు. ఇషా నమాజ్ అవగానే ఖాలా ఫోన్ చేసేది. "ఇత్తే లోగాఁ దేఖ్‌రైఁ, ఏక్ తో లేంగే నా బేటా?" అని అడిగేది. నేను "ఇన్షా అల్లాహ్" అనేవాణ్ణి. ఆఖరి రోజుకి ఆరొందల పన్నెండు చూపులు, ముప్ఫై ఏడుగురు వాచర్లు. బోలీ ఒక్కటీ పడలేదు.

ఫీజు గడువు దగ్గరపడింది. మళ్లీ చౌక్‌కి వెళ్లాం. దుకాన్‌దార్ ఈసారి ముప్ఫై వేలన్నాడు. "సాబ్, పోయిన నెల నా చేతిలో గిరాకీ ఉండె. ఆయన వేరేది కొనుక్కున్నాడు" అన్నాడు. ఇచ్చేశాం. తగ్గిన ఎనిమిది వేలు నా జేబులోంచి పెట్టాను. అది నా సలహా ఖరీదు. ఖాలా ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

తర్వాత నేనూ మావాడూ కూర్చుని హిసాబ్ వేశాం. ఆ ఆరొందల చూపులు ఎవరివి?

మొదట మావే. వాడు రోజుకి పదిసార్లు తెరిచేవాడు, నేను ఐదారుసార్లు. ఖాన్‌దాన్ వాట్సాప్ గ్రూప్‌లో లింక్ పెట్టాం. నలభై మంది ఉన్నారు అందులో. పెళ్లి ఫొటోలు చూసినట్టు ఒక్కొక్కరు నాలుగేసి సార్లు చూశారు. వాచర్లలో ఇద్దరు జిద్దాలో ఉన్న మా చెల్లెళ్లే. "ఎంతకి పోతుందో చూద్దామని నొక్కాం భాయీజాన్" అన్నారు తర్వాత. మిగతావాళ్లలో ఎందరు తమ పాన్‌దాన్ అమ్ముకోవాలని మన ధర కనిపెట్టుకున్నవాళ్లో, ఎందరు బొమ్మ బావుందని దాచుకున్నవాళ్లో చెప్పలేం. పరికరం దృష్టిలో అందరూ ఒకటే. నొక్కినవాడు ఎందుకు నొక్కాడో దానికి తెలీదు.

ఈ పరికరాల కథ కొత్తదేం కాదు. 1995లో పియరీ ఒమిడియార్ అమెరికాలో ఆక్షన్‌వెబ్ పేరుతో మొదలుపెట్టిందే ఈబే అయింది. మొదట్లో అక్కడ అమ్ముడైంది ఓ పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకి. చెడిపోయిన వస్తువుకీ ఖరీదార్ దొరికాడంటే దేనికైనా దొరుకుతాడనే ఆశ అమ్మేవాళ్లలో అక్కణ్ణుంచే పుట్టి ఉంటుంది. ఎవరైనా చూస్తున్నారా అన్న బేతాబీ దాని వెంటే వచ్చింది. ఆ బేతాబీని తీర్చడానికి బయటి కంపెనీలు దుకాణాలు తెరిచాయి. ఆండేల్ అనే కంపెనీ కౌంటర్లు ఒకప్పుడు ఈబే అమ్మకందార్లకి బాగా అలవాటు. పేజీ అడుగున చిన్న అంకెల బొమ్మ. ఆ బొమ్మ కంపెనీ సర్వర్ నుంచి వస్తుంది కాబట్టి పేజీ తెరిచినప్పుడల్లా అంకె ఒకటి పెరుగుతుంది. కొనేవాళ్లకి కనబడకుండా అమ్మేవాడికి మాత్రమే కనబడేలా దాచిపెట్టుకునే సౌకర్యం కూడా ఉండేది. తర్వాత వాచ్‌కౌంట్ లాంటి సైట్లు వచ్చాయి. ఏ వస్తువు మీద ఎక్కువమంది వాచ్ పెట్టారో వరసకట్టి చూపించాయి.

వీటిలో ఏదీ ఝూట్ చెప్పలేదు. తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో సరిగ్గానే లెక్కపెట్టాయి. తలుపు తెరిచిన ప్రతివాణ్ణీ ఖరీదార్ అనుకున్నది మనం.

"వాచర్లంతా ఆఖరి నిమిషంలో వస్తారు అబ్బా" అని మావాడు ధైర్యం చెప్పేవాడు. అందులో కొంత హకీకత్ ఉంది. ఈబే నీలామ్ గడియారం ప్రకారం ఠక్కున ముగుస్తుంది. అందుకే చాలామంది చివరి సెకన్లదాకా ఆగి బోలీ వేస్తారు. దీన్ని స్నైపింగ్ అంటారు. మన బదులు ఆఖరి క్షణంలో బోలీ వేసిపెట్టే ఈస్నైప్ లాంటి బయటి పరికరాలూ ఉన్నాయి. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు 2002లో దీనిమీద ఓ పరిశోధన అచ్చువేశారు. అప్పట్లో అమెజాన్ కూడా నీలామ్‌లు నడిపేది. అక్కడ చివర్లో బోలీ పడితే గడువు దానంతటదే పొడిగించేవారు. కాబట్టి అక్కడ ఆఖరి నిమిషపు బోలీలు ఈబేలో కంటే బాగా తక్కువని వాళ్లు తేల్చారు. అంటే జనం ఎప్పుడు బయటపడతారో నిర్ణయించేది చాలావరకు ఆట నియమాలే. మధ్యలో బోలీ లేనంత మాత్రాన దిల్‌చస్పీ లేదని కాదు. అలాగని మధ్యలో నిశ్శబ్దంగా ఉంటే చివర్లో తుఫాను వస్తుందనీ కాదు. మన ధరకి కొనాలనుకున్నవాడు ఒకడైనా ఉంటేనే చివరి నిమిషానికి అర్థం. మా దగ్గర ఆ ఒక్కడు లేడు.

మరి పనికొచ్చే పరికరమే లేదా? ఉంది. అది ఎంతమంది చూస్తున్నారో చెప్పదు. ఇంతకుముందు ఎవరెంత ఇచ్చారో చెబుతుంది. కెనడాలో పుట్టిన టెరాపీక్ అనే కంపెనీ ఈ పనే చేసేది. అమ్ముడైన వస్తువుల పాత ధరలు తవ్వి అమ్మకందార్లకి చూపించేది. 2017లో ఈబే దాన్నే కొనేసింది. అంతెందుకు, ఈబేలో వెతికేటప్పుడు 'అమ్ముడైనవి' అనే గడి నొక్కితే ఇటీవలి అమ్మకాలు పైసా ఖర్చు లేకుండా ఎవరికైనా కనబడతాయి. అడుగుతున్న ధర అమ్మేవాడి ఖ్వాహిష్. ఇచ్చిన ధర బజారు జవాబు.

ఆ గడి నేను పాన్‌దాన్ అమ్మేసిన తర్వాత నొక్కాను. మాదాంట్లాంటివి చాలావరకు మేం అడిగినదాంట్లో సగానికి అటూఇటూగా పోయాయి. అప్పుడు తెలిసింది, చౌక్‌లో దుకాన్‌దార్ మొదటిరోజు చెప్పింది మంచి భావ్ అని. నేను మనసులో ఆయన్ని మోసగాడనుకున్నాను. ఆయన ఏ గీతలూ చూడలేదు. డబ్బు పట్టుకుని కూర్చున్న ఒక్క గిరాకీ ఆయనకి తెలుసు. మా ముప్ఫై ఏడుగురి కంటే ఆ ఒక్కడు ఎక్కువ.

అమ్ముడైన ధరని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఈబే తరహా నీలామ్‌లో మీరు యాభై వేలదాకా సిద్ధమని రాసుకున్నా, మీ తర్వాతివాడు ఇరవై వేల దగ్గర ఆగిపోతే మీకు వస్తువు ఇరవై వేలకి కాస్త పైన దక్కుతుంది. అంటే ఆ ధర చెప్పేది గెలిచినవాడి మనసు కాదు, రెండోవాడి మనసు. కాబట్టి ఒక అమ్మకం చూసి అందాజా వేయొద్దు, పదైనా చూడాలి.

రెండోది, బోలీయే నకిలీ కావచ్చు. 2000లో కాలిఫోర్నియాలో ఓ వకీలు ఈబేలో ఓ చిత్రం పెట్టాడు. అది రిచర్డ్ డీబెన్‌కార్న్ అనే పెద్ద చిత్రకారుడిదేమో అన్న అనుమానం ఖరీదార్లకి కలిగేలా పెట్టాడు. బోలీ 135,805 డాలర్లకి చేరింది. దేశమంతా అదే ఖబర్. తర్వాత బయటపడిందేమిటంటే అమ్మినవాడే తన వస్తువు మీద బోలీ వేసుకున్నాడు. ఈబే అమ్మకం రద్దు చేసింది. అతనూ సాథీలూ నకిలీ పేర్లతో ఒకరి వస్తువులకి ఒకరు బోలీలు పెంచుకుంటూ వచ్చారని తేలింది. కేసు ఫెడరల్ కోర్టుకెక్కింది, అతను నేరం ఒప్పుకున్నాడు.

దీనికి మన ఫిఖ్‌హ్‌లో పాత పేరే ఉంది, నజష్. కొనే నియ్యత్ లేకుండా ఇంకొకడి చేత ఎక్కువ ఇప్పించడానికి ధర పెంచడం. నీలామ్ హరామ్ కాదు. "ఇంకెవరిస్తారు ఎక్కువ" అని అడిగి హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం స్వయంగా ఓ అన్సారీ సామాను అమ్మించిన సంగతి తిర్మిజీలో ఉంది. నజష్‌ని నిషేధించిన హదీసు బుఖారీలో, ముస్లిమ్‌లో ఉంది. పోటీకి అనుమతి ఉంది, పోటీ నాటకానికి లేదు.

ఇది మీకు వాజ్ చెప్పడానికి రాయడం లేదు. ఏడో రోజు మా ఇంట్లోనే ఆ మాట వచ్చింది. "అబ్బా, నా దోస్త్ ఖాతా నుంచి ఒక్క బోలీ వేయిస్తా. ఒకటి పడితే మిగతావాళ్లు కదుల్తారు" అన్నాడు మావాడు. నేను వెంటనే వద్దనలేదు. ఆ సంగతి ఒప్పుకోవాలి. గీత పైకి పోతోంది, బోలీ పడటం లేదు, చిన్న తోపు చాలనిపించింది. ఫోన్‌లో ఖాలాకి చెప్పాను. "నక్కో బేటా. బచ్చీ కీ ఫీజ్ హై" అంది. అంతే. ఆ ఫీజు డబ్బులో అది కలవొద్దంది.

ఇప్పుడు ఈ రోగం నీలామ్ దాటి మామూలు దుకాణాలకీ పాకింది. "ఈ చొక్కాని ఇప్పుడు 23 మంది చూస్తున్నారు" అని మీ ఫోన్ చెబుతుంది. ఒకప్పుడు అమ్మేవాడు తన తసల్లీకి చూసుకున్న అంకె ఇప్పుడు కొనేవాణ్ణి తొందరపెట్టే కొరడా అయింది. మన కేంద్ర ప్రభుత్వం 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చి, పదమూడు రకాల మాయలు లెక్కపెట్టింది. వాటిలో మొదటిది లేని తొందర పుట్టించడం. వస్తువుకి లేని గిరాకీ ఉన్నట్టు చూపించడం దాని కిందికే వస్తుంది. లెక్క నిజమైనా అబద్ధమైనా కొనేవాడు తనిఖీ చేసుకోలేడు. అలాంటి అంకెని చూసి జేబులో చేయి పెట్టకూడదన్నది నా రాయ్.

మన ఇళ్లలో ఇప్పుడు చాలామంది ఆడబిడ్డలు ఇంట్లోంచే జర్దోజీ, అత్తర్లు, కుట్టిన బట్టలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మాషా అల్లాహ్, హలాల్ కమాయి. వాళ్లకి నేను నా ఎనిమిది వేలు ఇచ్చి నేర్చుకున్నది చెబుతాను. ఈ పరికరాలు వాడండి, తప్పు లేదు. ఎవరూ చూడటం లేదని అవి చెబితే నమ్మండి. ఫొటోనో పేరో సరిగా లేదన్నమాట, సరిచేసుకోండి. అందరూ చూస్తున్నారని చెబితే మాత్రం ధర మీద మరోసారి ఆలోచించండి. చూసి చూసి వెళ్లిపోతున్నారంటే చాలాసార్లు వస్తువు నచ్చి భావ్ నచ్చలేదనే అర్థం. ధర పెట్టేముందు పది పాత అమ్మకాలు చూడండి. మీ చూపులూ మీ బంధువుల చూపులూ లెక్కలోంచి తీసేయండి. ఎదుట నగదుతో ఒక మనిషి నిలబడి ఉంటే, తెర మీద వందమంది కోసం అతన్ని పంపించేముందు ఒక రాత్రి ఆగండి.

మొన్న ఈద్‌కి ఖాలా ఇంటికి వెళ్లాం. మనవరాలు తెల్ల కోటుతో తీయించుకున్న ఫొటో, ఒకప్పుడు పాన్‌దాన్ ఉన్న అరలోనే పెట్టారు. మావాడు ఆ ఫొటోని గ్రూప్‌లో పెట్టాడు. "కిత్తే లోగాఁ దేఖే రే?" అని నవ్వుతూ అడిగింది ఖాలా. వాడు లెక్క చెప్పబోతుంటే నేనే వద్దన్నాను.