ఒడిబియ్యం సరే... వాటా మాటేంది?

సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర నిలబడి చూడండి. ఎక్కడెక్కడి నుంచో తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డలే కనిపిస్తారు. పండుగకు బిడ్డ రాకపోతే ఆ ఇంట్లో ముద్ద దిగదు. ఆడబిడ్డ కంట నీరు పెడితే ఇంటికి మంచిది కాదంటాం. ఇంత ప్రేమ ఉన్న ఇళ్లలోనే, పండుగ మర్నాడు ఇంకో ముచ్చట కూడా నడుస్తుంటుంది.

నాకు తెలిసిన ఒకావిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. యాభై దాటాయి. తండ్రి పోయి ఏడాది. ఊరి పక్కన రెండెకరాలుంది. వరంగల్ చుట్టూ ఇప్పుడు పొలాన్ని పొలంగా ఎవరు చూస్తున్నారు? గజాల్లెక్కన మాట్లాడుతున్నారు. పండుగకు పిలిచిన తమ్ముడు మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర కాగితాలు ముందు పెట్టాడు. "విరాసత్ చేయించాలె అక్కా, జెర సంతకం పెట్టు. నాకు వాటా అక్కర్లేదని రాసిస్తే అయిపోతది." తల్లి అక్కడే ఉంది, తల వంచుకుని ఇడ్లీ తుంచుతోంది. ఈవిడ చదవకుండానే పెట్టేసింది.

"ఎందుకు పెట్టారండీ?" అని అడిగాను. "అడిగితే రెండెకరాలల్ల నా పాలు వస్తది. కానీ తల్లిగారిల్లు పోతది" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అదే గడపలోకి తమ్ముడు ఉచితంగా వెళ్లొచ్చు. అక్క వెళ్లాలంటే మాత్రం తన వాటా భూమి కట్టాలి!

చట్టం లేక కాదు. తండ్రి సొంత సంపాదన వీలునామా రాయకుండా పోతే కొడుకుతో పాటు కూతురికీ సమాన వాటా అని 1956 హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. తాత ముత్తాతల ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది 1985లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. కాకపోతే అప్పటికే పెళ్లయిన వాళ్లకు వర్తించలేదు. 2005లో కేంద్రం చట్టాన్ని సవరించింది, పెళ్లయినా కాకపోయినా కూతురు కూతురే అంది. ఆ చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీని కూడా 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్చేసింది. ఉండనక్కర్లేదంది. 2004 డిసెంబర్ 20కి ముందే పద్ధతిగా జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడరు.

మరి ఇంట్లో వినిపించే జవాబేంటి? "కట్నం ఇచ్చినం కదా!" 1961 నుంచి కట్నం ఇవ్వడమూ నేరమే, తీసుకోవడమూ నేరమే. అంటే చేసిన నేరాన్ని చూపించి చట్టం ఇచ్చిన హక్కును కొట్టేస్తున్నామన్నమాట. పైగా ఆ కట్నం ఆమె చేతికి వచ్చిందా? అత్తగారింటికి పోయింది. ఆ ఇంట్లోనూ ఆస్తి ఆమె పేరు మీద ఉండదు. రెండిళ్ల ఆడబిడ్డ అంటారు గానీ, రెండిళ్ల కాగితాల్లోనూ ఆమె పేరుండదు.

"అమ్మానాయినలను చూసుకునేది మేమే కదా" అన్నది రెండో మాట. ఇది కొట్టిపారేసే మాట కాదు. చూసుకున్న వాళ్ల కష్టం లెక్కలోకి రావాల్సిందే. కానీ నిజంగా చూసుకునేదెవరు? గంజి కాచేది, మందులిచ్చేది, పక్కబట్టలు మార్చేది చాలా ఇళ్లలో కోడలు. ఆమె కూడా ఎక్కడో తన తల్లిగారింట్లో ఇట్లాగే సంతకం పెట్టి వచ్చిన ఆడబిడ్డే!

మన ఓరుగల్లు కోటను ఏలిన రుద్రమదేవి పేరు చెప్పుకుని గర్వపడతాం. 13వ శతాబ్దంలో గణపతిదేవుడు కూతురికి రాజ్యం ఇచ్చాడు, గొప్పే. కానీ ఆయనకు కొడుకుల్లేరు. కొడుకు ఉండుంటే? ఆ ప్రశ్న ఇప్పటికీ మన ఇళ్లలో అట్లాగే ఉంది. అన్నదమ్ములున్న కూతురికి వాటా ఇచ్చిన రోజే కదా అసలు పరీక్ష!

అక్కచెల్లెళ్లకు ఒక్క మాట. ఇష్టంగా వదులుకుంటే అది మీ ఇష్టం, ఎవరూ కాదనరు. కానీ టిఫిన్ ప్లేటు పక్కన పెట్టిన కాగితం మీద అప్పటికప్పుడు సంతకం పెట్టకండి. ఒక కాపీ తీసుకోండి, ఇంటికి వెళ్లి చదవండి, తెలిసిన వాళ్లను అడగండి. ఒకసారి రిజిస్టరయిన పత్రాన్ని రద్దు చేయించుకోవాలంటే కోర్టు మెట్లెక్కాలి. తీసుకునే వాటా కూడా మీ పేరు మీదే ఉండాలి, మీవారి పేరు మీద కాదు.

అన్నదమ్ములకూ ఒక మాట. అక్క అడిగేదాకా ఆగకండి. అడగడమే ఆమెకు అన్నిటికన్నా కష్టం. కాగితం ముందు పెట్టేముందు "నీ పాలు ఇంత వస్తది అక్కా, ఏం చేద్దాం?" అని మీరే అనండి. ఆ ఒక్క మాట అన్న ఇంట్లో ఒడిబియ్యం పోస్తే, అది ఆడబిడ్డ ఒడి నిండినట్టు.