చెవికుంది బీమా, కంటికేదీ?

మందలో కండ్ల కలక పడిందని కాపరి పశువుల దవాఖానకు పోతే, ఎదురయ్యే మొదటి ప్రశ్న: ‘ఎన్ని సచ్చినయ్?’ ఏదీ చావలేదంటే, ‘అయితే ఫర్వాలేదు’. ఈ ఫర్వాలేదు మీదే నా కోపం.

కన్ను నీరు కారుతుంది, వెలుతురు చూడలేక జివం రెప్పలు మూసుకుంటుంది, తర్వాత నల్లగుడ్డు మీద పువ్వు పడుతుంది. చాలావాటికి రెండు మూడు వారాల్లో తగ్గుతుంది, నిజమే. రెండు కండ్లూ పోయిన గొర్రె ఆ మూడు వారాలూ ఏం మేయాలి? మంద వెనకబడి గుంతలో పడుతుంది. తల్లికి మేత లేకపోతే పిల్లకు పాలుండవు. మైకోప్లాస్మా, క్లమీడియా వంటి సూక్ష్మజీవుల పని ఇది. ఈగలు, ఇరుకు దొడ్డి, ఒక కన్ను తుడిచి ఇంకో కన్ను ముట్టుకున్న కాపరి చెయ్యి, అన్నీ దాన్ని మోస్తాయి. బాగైన గొర్రె కూడా నెలల తరబడి రోగాన్ని దాచుకోగలదు. అందుకే పెబ్బేరు సంతలో కొన్నదాన్ని కొన్నాళ్లు విడిగా కట్టాలి. ‘యాడ కట్టాలె సారూ?’ అంటాడు కాపరి. టెట్రాసైక్లిన్ సూది వేళకు పడితే లొంగే రోగమే. రోజుకు మూడుసార్లు కంట్లో ట్యూబుమందు పెట్టమనే సలహా మాత్రం వంద జివాలను ఒక్కపూటైనా తోలినవాడు ఇవ్వడు.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం కాపరులకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టింది. 2012లో 1.28 కోట్లున్న రాష్ట్రపు గొర్రెలు 2019 గణనకు 1.91 కోట్లయ్యాయి. ఆ గణనలో దేశంలో మనమే ఫస్టు. లెక్కంతా తలకాయలదే. బీమా చెవికున్న బిళ్ల చూసి చచ్చినదానికి డబ్బిస్తుంది. గుడ్డి గొర్రె దాని లెక్కలో బతికున్న గొర్రే. ఆ కన్ను చూసేది మారుబేరగాడొక్కడు, అదీ ధర తగ్గించడానికి.

ఇక జివాన్ని విడిగా కట్టే చోటు కూడా లేని ఈ ఇరుకెందుకొచ్చిందంటే... నా పాత పాటే, ఓపిక పట్టండి. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ప్రాజెక్టుల నీళ్లొచ్చాయి. పాలమూరు వలసలు చూసినవాడెవడూ నీళ్లను తిట్టడు. కానీ గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా కాలువ కింద వానాకాలమూ వరే, యాసంగీ వరే అయితే బీడెక్కడ మిగులుతుంది? ఎరువు కోసం చేలో మంద పెట్టించుకుని కాపరికి గింజలిచ్చిన రైతు ఇప్పుడు గట్టెక్కనివ్వడు. బంచరాయి కొంత పట్టాల్లోకి పోయింది, కొంత పల్లె ప్రకృతి వనమై చుట్టూ కంచె కట్టుకుంది. జివాలు పంచినవాళ్లు అవి మేసే చోటు మాత్రం పంచలేదు. 2019లో హుజూరాబాద్‌లో హరితహారం మొక్కలు తిన్నాయని రెండు మేకలు ఠాణాకెక్కాయి, యజమానికి వెయ్యి రూపాయల జరిమానా పడింది. బంచరాయి మింగినవాళ్లను ఎందరిని అలా ఠాణాకు తోలుకుపోయారో కూడా అధికారులే చెబితే బాగుంటుంది.