కొన్ననాడే అమ్మకపు లెక్క: రెండు వేగపు పడవల బేరం

పాత సరుకు బేరంలో రెండు మాటలు కలగాపులగమై కొనుగోలుదారును దారి తప్పిస్తుంటాయి. ఒకటి నిలిచే ధర, రెండవది మిగిలే డబ్బు. ఈ రెండూ ఒకటి కావని లారీ అమ్మినవారికీ, జిన్నింగు యంత్రం అమ్మినవారికీ తెలుసు. కాని సరుకు పేరుమోసినదైతే ఆ తేడా కంటికి ఆనదు. అమెరికాలోని వేగపు మోటారు పడవల మార్కెట్ ఇందుకు మంచి ఉదాహరణ.

అక్కడి పాత పడవల బేరంలో పోల్చి చూడదగినవి రెండు: సిగరెట్ కంపెనీ వారి 38 అడుగుల 'టాప్‌గన్', ఫౌంటెన్ కంపెనీ వారి 38 అడుగుల 'లైట్నింగ్'. రెండింటికీ వెనుక జంట పెట్రోలు ఇంజన్లే. రెండూ ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు మించవు కనుక ప్రత్యేక అనుమతి లేకుండానే ట్రైలరుపై రోడ్డు వెంట తీసుకుపోవచ్చు. ఫ్లోరిడాలో కొన్న పడవను మిస్సోరీలోని ఓజార్క్స్ సరస్సు వద్దనో, ఆరిజోనా సరిహద్దులోని హవాసు సరస్సు వద్దనో అమ్ముకోవచ్చు. ఒకే రేవుకు కట్టుబడని సరుకు కావడం రెండింటికీ సమానమైన బలం.

ఇక పేరు సంగతి. సిగరెట్ స్థాపకుడు డాన్ ఆరొనో. ఆయన 1962లో ఫార్ములా, 1964లో డాంజీ, 1966లో మాగ్నమ్ కంపెనీలు పెట్టి, పేరు రాగానే ఒక్కొక్కటీ అమ్మివేసి, ఆ దశకం ఆఖరులో సిగరెట్ ప్రారంభించారు. 1980ల నాటికి ఏ కంపెనీ వేగపు పడవనైనా జనం 'సిగరెట్ బోటు' అనేటంతగా ఆ పేరు స్థిరపడినది. 1987 ఫిబ్రవరి 3న ఆరొనో మయామీ ప్రాంతంలో హత్యకు గురయ్యారు. కంపెనీ ఆ తరువాత చేతులు మారినా పేరుకు గిరాకీ తగ్గలేదు.

ఫౌంటెన్ కథ వేరు. రేసు డ్రైవరు రెజీ ఫౌంటెన్ 1979లో నార్త్ కరోలినాలోని వాషింగ్టన్ పట్టణంలో దానిని స్థాపించారు. సిగరెట్ అడుగు 24 డిగ్రీల లోతైన 'వి' ఆకారం. అలల తాకిడిని మెత్తగా కోస్తుంది. ఫౌంటెన్ అడుగున కోణం కాస్త తగ్గించి, మధ్యన చదునైన పట్టీ తీర్చారు. అదే ఇంజనుతో వేగం కలిసివస్తుంది. అమెరికా అధ్యక్షుడుగా పనిచేసిన జార్జ్ బుష్ సీనియర్ మొదటి 'ఫిడెలిటీ' పడవ సిగరెట్ వారిది. తరువాతి కాలంలో ఆయన ఫౌంటెన్‌కే మారారు. అంటే సరుకులో లోపం లేదు. లోపమంతా వేళలో వచ్చినది. 2008లో బాజా పడవల వ్యాపారాన్ని కొన్న ఫౌంటెన్, 2009 ఆగస్టులో దివాలా చట్టం రక్షణ కోరవలసి వచ్చినది. తయారీదారు తడబడితే పాత సరుకు ధర కూడా తడబడుతుంది.

కాబట్టి సిగరెట్టే లాభమని తేల్చేవారు చాలామంది. ఇక్కడే లెక్క చూడాలి. ఊహకు, కొత్త సిగరెట్ ధర 100, కొత్త ఫౌంటెన్ ధర 80 అనుకుందాం. పదేళ్ళకు మొదటిది నూటికి 45 వంతున 45 పలికినది. రెండవది నూటికి 35 వంతున 28 పలికినది. శాతం చూస్తే సిగరెట్‌దే పైచేయి. నష్టం చూస్తే 55, 52; దాదాపు సరిసమానం. అదనంగా పెట్టిన 20కి సాలుకు నూటికి 8 చొప్పున బారువడ్డీ కడితే పదేళ్ళకు 16. ఇప్పుడు సిగరెట్ ఖర్చు 71, ఫౌంటెన్ ఖర్చు 52! ధర నిలిచినది సిగరెట్‌కు. డబ్బు మిగిలినది ఫౌంటెన్ కొన్నవారికి.

మరి పేరుకు విలువ లేదా? ఉన్నది. అది ధరలో కంటే త్వరలో ఉన్నది. యార్డులో పేరున్న మార్కు బస్తా మందకొడి రోజున కూడా కదులుతుంది, మిగతాది నిలిచిపోతుంది. 2008 వేసవిలో అమెరికాలో పెట్రోలు గ్యాలను 4 డాలర్లు దాటినది. వెయ్యి అశ్వశక్తి జంట ఇంజన్లు పూర్తి వేగంలో గంటకు సుమారు 300 లీటర్లు తాగుతాయి. వెంటనే ఆర్థిక సంక్షోభం వచ్చిపడినది. అక్కడ పడవలకు పదిహేను, ఇరవై ఏళ్ళ వాయిదాలపై అప్పు దొరుకుతుంది. అటువంటి అప్పుపై కొన్నవారికి పడవ ధర కంటే బాకీ పెద్దదైతే, అమ్మినా తీరదు, ఉంచినా మోయలేరు. ఆ స్థితిలో వారం ముందు దొరికిన కొనుగోలుదారు విలువ ఏ శాతంలోనూ కనపడదు.

పేరు కంటే పెద్ద సంగతి ఇంజను. బేరగాడు మొదట అడగవలసినది ఇంజను తిరిగిన గంటలు. మెర్క్యురీ రేసింగ్ వారి 525 అశ్వశక్తి ఇంజను సూపర్‌చార్జరు లేనిది. పాత పడవలో దానిని కోరి వెతుకుతారు. అదే కంపెనీ 1,075 అశ్వశక్తి సూపర్‌చార్జరు ఇంజను వేగంలో మేటి. కాని గంటలు పెరిగేకొద్దీ విప్పి బిగించే ఖర్చు దగ్గర పడుతుంది. ఆ ఒక్క ఖర్చు రెండు పేర్ల మధ్య తేడానంతా మింగివేయగలదు. సర్వేయరు నివేదిక, నూనె నమూనా పరీక్ష, నీటిపై పరుగు చూడనిదే బయానా వదులుకోరాదు.

మరొక ఒత్తిడి కూడా ఉన్నది. 2019లో 450, 2021లో 600 అశ్వశక్తి అవుట్‌బోర్డు ఇంజన్లను మెర్క్యురీ విడుదల చేసినది. సిగరెట్ స్వయంగా తన 59 అడుగుల 'టిరానా' పడవకు ఆరు 450లు తగిలించినది. కొత్త డబ్బు అటు మళ్ళినప్పుడు పాత పద్ధతి పడవలు రెండింటికీ కొనేవారు తగ్గుతారు.

మా అభిప్రాయం ఇది. కొత్తది కొని ధర నిలుస్తుందని ఆశపడటం రెండింటిలోనూ తప్పే. సొంత డబ్బుతో పాతది కొని కొన్నేళ్ళు వాడదలచినవారికి సూపర్‌చార్జరు లేని ఇంజన్ల ఫౌంటెన్ లాభసాటి. ఎప్పుడైనా డబ్బు అవసరపడి ఉన్నపళంగా అమ్మవలసి రావచ్చుననుకొనేవారు సిగరెట్‌కు అదనపు ధర చెల్లించవచ్చు. అది పడవ ఖరీదు కాదు, బీమా రుసుము అనుకోవాలి. అప్పుపై కొనేవారికి మాత్రం రెండూ తగవు. ఖాతా పుస్తకంలో తరుగుదల ఏటా ఒకే మెట్టు దిగుతుంది. మార్కెట్ అలా దిగదు. అమ్మవలసిన రోజునే ఒక్కసారిగా దిగుతుంది.