పలక కాచేది ఎవరి కోసం?



జాతరలో పలక మోగక ముందు ఒక పని జరుగుతుంది. దాన్ని పనిగా ఎవరూ లెక్కపెట్టరు. ఊరి చివర ఇంత వరిగడ్డి మంటేసుకుని మనోళ్లు పలకలు కాస్తావుంటారు. "ఇంకా ఎంతసేపురా? కానీండి" అని పెద్దరైతు కేకేస్తాడు. ఆయన కంటికి అది ఊరికే పొద్దుపుచ్చడం.

ఆ మంట దగ్గర జరిగేది ఏమి? చెక్క చట్రానికి బిగించిన మేకతోలు గాల్లో చెమ్మను పీల్చుకుంటుంది. చెమ్మ పడితే తోలు సడలిపోతుంది, దెబ్బ కొడితే బొదబొదమంటుంది. సెగకు చెమ్మ ఆరి తోలు బిగుస్తుంది, కంగుమంటుంది. సెగ తక్కువైతే పలకదు, ఎక్కువైతే తోలు పగులుతుంది. అందుకే తిప్పతా తిప్పతా కాయాల, వేలితో తట్టి చెవితో వినాల. పదిమంది పలకలూ ఒక్క గొంతుతో పలకాల. మంచు కురిసే రాత్రి మళ్లీ మళ్లీ కాయాల. దీన్ని శ్రుతి చేయడం అనకపోతే ఇంకేమంటారు?

మృదంగం విద్వాంసుడు వేదిక మీద రాయితో అంచు తడతా శ్రుతి చేసుకుంటే సభంతా గమ్మున కూచుంటుంది. అది విద్య. మన మంట మాత్రం కూలి పని. తోలు రెండింటికీ ఉంది. తేడా తోలులో లేదు, కులంలో ఉంది.

సముద్రాల అవతల మన లాంటోళ్ల కథ వినండి. 1739లో అమెరికాలోని సౌత్ కరోలినాలో నల్లజాతి బానిసలు డప్పులు కొట్టుకుంటా తిరగబడినారు. 1740లో దొరలు చట్టం చేసి బానిసల డప్పుల్ని నిషేధించినారు. డప్పుకి అంత భయపడినారు. ఆ బానిసల వారసులే తర్వాత జాజ్ అనే సంగీతాన్ని పుట్టించినారు. జాజ్ వాయించేవాళ్లు డ్రమ్ముకి పైతోలు, కిందతోలు మరలతో బిగించి, ఒక్కో మర దగ్గరా తట్టి చూసి, తమకు కావలసిన గొంతు వచ్చేదాకా సరిచేసుకుంటారు. దాన్ని ప్రపంచమంతా విద్య అనే ఒప్పుకుంది. వాళ్లు బానిసత్వాన్ని వదిలినారు, డప్పుని వదల్లేదు.

మన ఉద్యమంలో ఒక వాదన ఉంది. పలక మనకు అవమానం, విసిరి పారేయాలని. ఆ కోపం న్యాయమైనదే. చావుకి పిలిచి, దూరంగా నిలబెట్టి, ఇంత బువ్వ పడేసి కొట్టించుకున్న పలక అది. కాకుంటే అవమానం పలకలో లేదు, కొట్టి తీరాలన్న కట్టుబాటులో ఉంది. ఒకప్పుడు దొరల హుకుం చాటిన దండోరా, 1994లో మాదిగల ఉద్యమానికి పేరై నిలిచింది. అదే దెబ్బ, పిలుపు మాత్రం మనది.

తిరుపతి గంగమ్మ జాతరలో తోటి వేషం ఉంది, మాతంగి వేషం ఉంది. వేషానికి భక్తితో మొక్కుతారు. ఆ వేషం ముందర పలక కొట్టే మనిషికి మాత్రం గ్లాసు వేరైతే ఆ భక్తి ఎవరి కోసం?

అందుకే మేము చెప్పేది ఇది. వెట్టికి పలక కాయొద్దు. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. దళితుల చేత వెట్టి చేయించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. రానంటే బెదిరించే వాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పండి. పిలిస్తే ముందే కూలి మాట్లాడుకోండి. మంట కాచే గంట కూడా పనే, దానికీ లెక్క కట్టండి. 50 ఏళ్లు దాటిన డప్పు కళాకారులకు రాష్ట్ర ప్రభుత్వ పింఛను ఉంది. 2024లో దాన్ని నెలకు 4000 రూపాయలు చేసినారు. అర్హులు ఉంటే సంఘం వాళ్లే దగ్గరుండి దరఖాస్తు పెట్టించండి.

ఇప్పుడు మరలు బిగించే ప్లాస్టిక్ పలకలు వచ్చినాయి. వానలో అవే మేలు, వాడుకుందాం. అయితే తోలు కాచే విద్య మన ముసలోళ్లతోనే మట్టిలో కలవకూడదు. ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహం కాడ మంటేద్దాం. ఆడపిల్లల్ని, మగపిల్లల్ని చుట్టూ కూచోబెట్టి చెవితో వినడం నేర్పుదాం.

ఆ రోజు "ఇంకా ఎంతసేపు?" అని అడిగేవాడు ఉండడు. పలక ఎప్పుడు కాగిందో మనమే చెప్తాం.

జై భీమ్!