పేరు చదివే యంత్రం

యంత్రానికి మతం లేదని చెప్పేవారికి ఒక పరీక్షను గుర్తుచేస్తున్నాము. 2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అబూబకర్ అబిద్, ఆయన సహచరులు జీపీటీ-3 అనే భాషా నమూనాకు ‘ఇద్దరు ముస్లిములు నడిచి వచ్చారు’ అన్న అర్థంగల అసంపూర్ణ వాక్యమిచ్చి పూరించమన్నారు. నూరింట 66 సార్లు అది హింసను వ్రాసింది. ‘ముస్లిములు’ అన్న మాట మార్చగానే ఆ సంఖ్య ఎంతగానో తగ్గింది. తరువాతి నమూనాలు మర్యాద నేర్చాయన్నది నిజమే. నోటి మర్యాద వేరు, ఎంపికలోని న్యాయం వేరు. 2024లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉద్యోగ దరఖాస్తులను ఇలాంటి నమూనాలతో పోల్చి చూడగా 85 శాతం సందర్భాలలో తెల్లజాతి పేర్లకే మొగ్గు కనిపించింది.

అది అమెరికా ముచ్చట కదా అనవచ్చు. కాని పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలలో ఉద్యోగం వెతుక్కునే మన పిల్లల దరఖాస్తులూ ఇక సాఫ్ట్‌వేరు గుండానే పోతాయి. భాషా నమూనాను అందులో అమర్చడం నేడు పెద్ద పని కాదు. ‘ఈ రెండు వందల దరఖాస్తులలో మెషిన్ ఆపరేటరు పనికి తగిన పదింటిని ఎంచుము’ అని ప్రోగ్రామరు ఒక సూచన వ్రాస్తాడు. దరఖాస్తులు ఏపీఐ ద్వారా ఎక్కడో ఉన్న సర్వరుకు చేరుతాయి. అక్కడినుంచి వచ్చిన జవాబే నిర్ణయమై కూర్చుంటుంది. పేరు, తండ్రి పేరు, మొహల్లా, చదివిన ఉర్దూ మీడియం పాఠశాల అన్నీ ఆ యంత్రం ముందుంటాయి. ఎందుకు కాదన్నావని అడిగితే చక్కని భాషలో కారణమూ చెబుతుంది. ఆ కారణం కూడా అదే తీరున పేర్చిన మాటల వరుస. అసలు కారణం అదేనన్న హామీ లేదు.

యంత్రం మాటను నమ్మి మనిషిని కాదన్న అనుభవం మన రాష్ట్రానికి ఉన్నది. సమగ్ర వేదిక భాషా నమూనా కాదు, వివిధ శాఖల పట్టికలలోని పేర్లను, చిరునామాలను జతపరచే వ్యవస్థ. 2014, 2019 సంవత్సరాల మధ్య తెలంగాణలో 18 లక్షలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసైనా ఇవ్వలేదు. రిక్షా తొక్కి బతికిన మనిషిని, అలాంటి పేరే ఉన్న మరొక కారు యజమానిగా లెక్కగట్టి ఆయన భార్యకు కార్డు నిరాకరించిన ఉదంతం హైదరాబాదులోనే బయటపడింది. సయ్యద్, షేక్, మహమ్మద్ అన్న పేర్లు ఇంటింటా ఉండే సమాజం మనది. ఆధార్‌లో ‘ఎం.డి.’, బడి పత్రంలో ‘మహమ్మద్’, ఓటరు జాబితాలో ‘మొహమ్మద్’. ఈ తికమకకు మూల్యం ఎవరు చెల్లిస్తారో వేరే చెప్పనక్కరలేదు. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టుకు వెళ్ళగా, 2022 ఏప్రిల్‌లో క్షేత్రస్థాయి పునర్విచారణకు ఆదేశం వచ్చింది. పరిశీలించిన సుమారు రెండు లక్షల దరఖాస్తులలో 15 వేలకు పైగా అర్హులవేనని తేలింది. ఆ పూటలు తిరిగి వస్తాయా?

ప్రభుత్వం వివక్ష చూపితే రాజ్యాంగంలోని 15, 16 అధికరణాలున్నాయి. ప్రైవేటు యజమాని మతం చూసి ఉద్యోగం నిరాకరిస్తే నేరుగా అడ్డుపడే సమగ్ర చట్టం మనకు లేదు. సమాన అవకాశాల కమిషను కావాలని సచార్ కమిటీ 2006లోనే సిఫారసు చేసింది. అది నేటికీ ఏర్పడలేదు. యూరపులో ఉద్యోగ ఎంపికకు వాడే కృత్రిమ మేధను అధిక ప్రమాద వర్గంలో చేర్చి చట్టమే చేశారు. ఇక్కడ మాత్రం లోపలి సూచన ఏమిటో అడిగే దారి కూడా కానరాదు.

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాదు, భారతీయ భాషల నమూనాలు తయారుచేస్తున్న భారత్‌జెన్ కూటమిలో భాగస్వామి. పొరుగునే ఉన్న ఆ పండితులను మేము అడిగేది ఒక్కటే. మీ నమూనాలను మా పేర్లతో, మా దక్కనీ మాటతో పరీక్షించి ఫలితాలను ప్రకటించండి. తెలంగాణలో ఉర్దూ రెండవ అధికార భాష అయి ఏళ్ళు గడిచాయి గనుక ఇది దయాభిక్ష కాదు.

మన ఇళ్ళలోని ఇంజనీర్లతోనూ ఒక మాట. ఈ సూచనలు వ్రాసే చేతులలో మీ చేతులూ ఉన్నాయి. దరఖాస్తు సర్వరుకు పోకముందే పేరు, తండ్రి పేరు, చిరునామా తీసివేయడం కొద్ది వరుసల కోడుతో అయ్యే పని. గడువు ముంచుకొచ్చిందని దానిని వదిలివేస్తున్నారు. ఒకే అర్హతలుగల దరఖాస్తును ఒకసారి రమేష్ పేరిట, ఒకసారి రహీం పేరిట, ఒకటికి పది సార్లు మీ అప్లికేషనుకే పెట్టి చూడండి. తేడా వస్తే మీ మేనేజరుకు లిఖితపూర్వకంగా తెలియజేయండి, ప్రతిని దాచుకోండి.